తీరమున పడినవాని సొమ్ము

సముద్రము ఒడ్డునకు విసరివేసిన సొమ్ము ఎవరిది? గాలివానకు ఓడ పగిలి, సరకు కెరటములతో కొట్టుకొనివచ్చి, ప్రాణములతో బయటపడినవాడు తడిబట్టలతో ఇసుకమీద నిలిచియుండగా, ఆ తీరమున కాపురమున్నవానికిగాని, ఆ తీరమును ఏలుచున్న రాజునకుగాని ఆ సరకుపై ఏమైన అధికారము కలదా? పైకి ఇది వ్యవహారకాండకు చెందిన చిక్కుగా కన్పట్టును. కాని దైవోపహతుడైన మనుష్యునియెడ తక్కినవారు ఎట్లు మెలగవలెనను ధర్మసందేహము ఇంత నగ్నముగా మఱియొకచోట మనయెదుట నిలువదని నా నమ్మకము. దయనుగూర్చి ఆలయములలోను ఉపన్యాసవేదికలమీదను మనము చెప్పుకొను మాటలన్నియు ఆ ఇసుకతిన్నెమీదనే నిగ్గుతేలవలసియున్నవి.

మధ్యయుగమున ఈ ప్రశ్నకు లోకమంతట ఇంచుమించు ఒకటే సమాధానము: ఒడ్డున పడినది ఒడ్డువానిది. 1179లో రోమునగరమున కూడిన లాటరన్ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచుకొనువారిని మతమునుండి వెలివేయవలసివచ్చినదనగా, ఆ దోపిడి ఎంత సర్వసామాన్యమై యుండెనో ఊహింపవచ్చును. ఇంగ్లండునందు మొదటి ఎడ్వర్డు కాలమున 1275లో చేయబడిన వెస్ట్‌మినిస్టరు చట్టము, పగిలిన ఓడనుండి ఒక మనుష్యుడుగాని, కుక్కగాని, పిల్లిగాని సజీవముగా బయటపడినయెడల ఆ సరకును రాజు సొత్తుగా ఎంచరాదనియు, సొంతదారు వచ్చి ఋజువు చూపుకొనుటకు ఒక సంవత్సరముపైని ఒకదినము గడువు ఈయవలెననియు విధించినది. అనగా ఓడలో ఏ ప్రాణియు మిగులకపోయినచో సరకంతయు రాజభాండాగారమునకే చేరునన్నమాట. మన దేశమునందును స్థితి భిన్నముగా లేదు. మార్కోపోలో మలబారుతీరమునందలి ఏలి రాజ్యమును వర్ణించుచు, వేఱొక రేవునకు పోవలసిన ఓడ దారితప్పి తమ నదీముఖమున లంగరు వేసినయెడల ఆ తీరవాసులు దానిని పూర్తిగా దోచుకొందురనియు, నీవు మఱియొకచోటికి బయలుదేఱగా దేవుడే నిన్ను మావద్దకు పంపినాడు గనుక నీ సొమ్ము మాకు చెందినదని దానికి సమర్థన చెప్పుదురనియు వ్రాసియున్నాడు.

ఈ సమర్థనమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఇది కేవలము దొంగల మాట కాదు. ఇందొక వేదాంతము గలదు. జరిగినదెల్ల దైవసంకల్పమైనచో, గాలియు అలయు ఆ సంకల్పమునకు లోబడినవే. ఆ గాలి ఏ ఓడను ఏ తీరమునకు చేర్చెనో అదియును ఈశ్వరేచ్ఛయే. కాబట్టి ఒడ్డున పడినది ఈశ్వరదత్తము, దానిని కాదనుట ఈశ్వరుని కాదనుట. కర్మసిద్ధాంతమును ఆశ్రయించినవాడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఓడ పగులుట ఆ వర్తకుని పూర్వకర్మఫలమే గనుక, అతని నష్టమును పూరించుట కర్మకు అడ్డుపడుటయే యగుననియు వాదింపగలడు. దైవమును నమ్మనివాడు ఇట్టి వాదము చేయడు, నమ్మినవాడే చేయును. భక్తి అను బంగారుపూత క్రింద లోభము దాగుకొనుట ఎంత సులభమో తెలిసికొనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఈ వాదమునకు ప్రత్యుత్తరము తెలుగుతీరమున, ఒక శివాలయమండపమునందలి రాతిస్తంభముపై చెక్కబడియున్నది. నేటి బాపట్లజిల్లా చినగంజాం మండలమునందలి మోటుపల్లి గ్రామమున వీరభద్రేశ్వరాలయము కలదు. కాకతీయ గణపతిదేవ మహారాజు శాలివాహనశకము 1166 క్రోధినామసంవత్సరమున, అనగా క్రీస్తుశకము 1244-45లో, అచ్చట వేయించిన శాసనము సంస్కృతమునను తెలుగునను ఉన్నది. హుల్ట్‌ష్ పండితుడు దానిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. ఓరుగంటినుండి ఏలిన కాకతీయులకు ఈ సముద్రతీరము వంశపరంపరగా వచ్చినది కాదు. వెలనాటి చోళుల బలము క్షీణించిన పిమ్మట గణపతిదేవుడు సాధించుకొన్నది. మెట్టనేలలో పుట్టి, చెఱువులు త్రవ్వించుటయందు ప్రసిద్ధిగన్న వంశమునకు చెందిన రాజు, క్రొత్తగా తనచేతికి వచ్చిన తీరమున నిలిచి, సముద్రమును నమ్ముకొన్నవారికి ఏమి చెప్పెనో వినదగినది.

ఆ శాసనాభిప్రాయము ఇది. సమస్తద్వీపములకును, ద్వీపాంతరములకును, పరదేశములకును, పట్టణములకును రాకపోకలు సాగించు సముద్రవ్యాపారులకు రాజు అభయ మిచ్చుచున్నాడు. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచు గాలివానకు చిక్కి పగిలి తమ తీరమున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను సమస్తమును బలాత్కారముగా లాగుకొనుచుండిరి. తానట్లు చేయక, ప్రాణముకంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్నవారియందలి కనికరముచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నాడు. సుంకము ఎగుమతి దిగుమతులమీద ముప్పదింట ఒకవంతు. తర్వాత వివరములు: చందనము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాజి, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకచెక్కలు. దేవునిగుడిలో, అర్చన జరుగుచోట, సుంకపు పట్టిక! నేటివారికి విడ్డూరముగా తోచునేమో గాని, రాజు మాటకు సాక్షి కావలసినప్పుడు తప్పించుకొన వీలులేని సాక్షిని ఎన్నుకొనుట ఆ కాలపు వివేకము.

ఇచట శాస్త్రవిరోధ మొకటి తలయెత్తును. బౌధాయనధర్మసూత్రము పతనహేతువులను లెక్కించుచు సముద్రయానమును పేర్కొన్నది. సముద్రయానము చేసినవాడు శ్రాద్ధభోజనమునకు అర్హుడు కాడని మనుస్మృతి చెప్పినది. అయితే ఆ మనుస్మృతియే సముద్రయానకుశలులు నిర్ణయించిన వడ్డీని ప్రమాణముగా గ్రహింపుమనియు చెప్పినది. అనగా సముద్రమును దాటినవానితో పంక్తిభోజనము కూడదు గాని, వాని లెక్క మాత్రము చెల్లును. కలివర్జ్యములను కూర్చిన నిబంధకారులు నావపై సముద్రము దాటిన ద్విజుని ప్రాయశ్చిత్తానంతరమైనను స్వీకరింపరాదనిరి. గణపతిదేవుడు ఈ శాస్త్రముల నెఱుగనివాడు కాడు. విశ్వేశ్వరశివాచార్యులవద్ద శివదీక్ష గైకొన్న పరమమాహేశ్వరుడు. అట్టివాడు, సముద్రమునుండి వచ్చినవాని కులమేమి, మతమేమి, ప్రాయశ్చిత్తము చేసికొనెనా లేదా అని ఒక్కమాటైనను అడుగలేదు. ఆ వచ్చువారిలో పరదేశపు మ్లేచ్ఛులును ఉందురని తెలిసియే సర్వదేశముల పేరెత్తి అభయ మిచ్చెను. శాస్త్రమును ఖండింపలేదు, వ్యాఖ్యానింపలేదు. శాస్త్రము మాటాడనిచోట తాను మాటాడెను. సముద్రయానదోష మున్నచో అది యాత్రికుని ధర్మమునకు సంబంధించిన విషయము. ఒడ్డున నిలిచినవాని ధర్మము వేఱు. ఎదుటివాడు పతితుడా కాడా యను విచారణ ముగిసినతర్వాత వానికి చేయి అందింతునని చెప్పువాడు చేయి అందింపదలచినవాడు కాడు.

గురువునుండి శిష్యునకు ఈ బుద్ధి సంక్రమించినదని చెప్పుటకు శాసనాధారము నేను చూపజాలను గాని, ఆ గురువు స్వభావ మెట్టిదో చెప్పగలను. విశ్వేశ్వరశివాచార్యులు గౌడదేశమునందలి రాఢాప్రాంతమువారు, నర్మదాతీరపు గోళకీమఠసంప్రదాయమున ఆచార్యులై తెలుగుదేశమునకు వచ్చినవారు, పరదేశివచ్చి రాజగురువైనవారు. 1261 నాటి మల్కాపురశాసనమున వారు ఏర్పఱచిన ధర్మసంస్థలు వర్ణింపబడినవి: ఆలయము, మఠము, విద్యాస్థానము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, వీటితోపాటు బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కందఱకు ఏ వేళనైనను అన్నము పెట్టవలసిన సత్రము. తెలుగునేలపై శైవము ఆనాడు ఎంత విశాలముగా శ్వాసించినదో ఆ శాసనమును చదివినవారికి తెలియును.

ఇక విమర్శకులు వేయు ప్రశ్న: గణపతిదేవుడు చేసినది దయయా, వ్యాపారమా? ఓడను ఒక్కసారి దోచుకొన్నవానికి ఒక్కసారియే లాభము; అభయ మిచ్చి రప్పించినవానికి ఏటేట ముప్పదింట ఒకవంతు. మీమాంసకులు, దృష్టప్రయోజనము కనబడుచుండగా అదృష్టమును కల్పింపరాదందురు. ఆ న్యాయమున ఈ శాసనము ధర్మమున గాక అర్థమున చేరునని కొందఱి వాదము. నేనట్లు తలపను. శాసనము తన హేతువులను తానే చెప్పుకొన్నది. కీర్తిని దాచలేదు, ధర్మమును దాచలేదు, కనికరమును దాచలేదు, సుంకమును అసలే దాచలేదు. లాభము గలుగునంతమాత్రమున మంచిపని మంచిది కాకపోదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి: ఈ లాభమార్గము ఎవ్వరికిని తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుని విధులలో, గాలికి దెబ్బతిని దారితప్పి వచ్చిన ఓడను తండ్రివలె ఆదుకొనవలెననియు, నీటిలో తడిసిన సరకుపై సుంకము మానవలెననియు, లేక సగమే గైకొనవలెననియు వ్రాసియుండెను. అట్లుండియు శతాబ్దముల తరబడి రాజులు ఒడ్డున పడినవానిని దోచుకొనుచునే యుండిరని గణపతిదేవుని మాటయే సాక్ష్యము. లాభమని తెలిసినను దయకు పూనుకొనలేని మనుష్యులకు తెలివి చాలక కాదు, తమచేతికి చిక్కిన సొమ్మును విడుచుటకు మనసు చాలక. ఆ మనసు కలుగుటయే ధర్మము.

విడుచుట యనుమాట ఈ విషయమున ప్రాణమువంటిది. గణపతిదేవుడు ఓడవర్తకునకు క్రొత్తగా ఇచ్చిన దేమియు లేదు. బంగారము ఈయలేదు, భూమి ఈయలేదు. తనకు ఆచారసిద్ధమైన ఒక హక్కును విడిచిపెట్టెను, అంతియే. మన సంప్రదాయమున అభయదానము సమస్తదానములలో ఉత్తమమని చెప్పుటకు కారణమిదే యని నాకు తోచును: తక్కిన దానములలో ఇచ్చువాడు తనకున్నదానిలో కొంత తగ్గించుకొనును, అభయదానమున తనచేతనున్న బలమునే తగ్గించుకొనును. సన్న్యాసము గైకొనువాడు ఆ క్షణమున సర్వభూతములకు తనవలన భయము లేదని ప్రతిన పట్టును. అరణ్యమునకు పోవు యతి పట్టవలసిన ప్రతినలో ఒక భాగమును, సింహాసనమున కూర్చున్న గృహస్థుడు సముద్రతీరమున పట్టెను. గీత దైవీసంపదను లెక్కించుచు అభయముతోడనే మొదలుపెట్టినది. వ్యాఖ్యాతలు దానిని సాధకుని నిర్భయత్వముగా వివరింతురు. బృహదారణ్యకము రెండవవస్తువు ఉన్నప్పుడే భయము కలుగునని చెప్పి, అద్వితీయమైన బ్రహ్మమే అభయమని బోధించును. అది జ్ఞానికి సరియే. కాని తడిసి వణకుచు ఒడ్డున నిలిచినవానికి నేను బ్రహ్మమును బోధింపజాలను. వానికి రెండవవస్తువు నేనే. వాని భయమునకు హేతువును నేనే. నా భయమును పోగొట్టుకొనుటకు జ్ఞానము కావలెను. నావలన ఇతరునికి కలుగు భయమును పోగొట్టుటకు జ్ఞానముకొఱకు వేచియుండ నక్కఱలేదు, చేయి వెనుకకు తీసికొనిన చాలును.

రాజులు శాసనములలో వ్రాయించుకొన్న మాటలన్నియు నిజమని నమ్మవలసిన పని లేదు. ప్రశస్తి కవులు తమ ప్రభువులచేత జయింపింపని దేశము లేదు. అందుచేత ఈ అభయశాసనము సత్యమా యని అడుగుట న్యాయమే. దానికి సమాధానము చెప్పవలసినది పురావస్తుశాస్త్రము. తెలుగుతీరమున సహజమైన ఓడరేవులు అరుదు. పెద్ద ఓడలు దూరమున లంగరు వేసికొనగా పడవలమీద సరకు ఒడ్డునకు చేర్చుకొనవలసిన ఇసుకతీరము మనది, తుపానులకు ఆటపట్టు, 1977 నవంబరున దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారికి ఆ సముద్రము ఎట్టిదో చెప్పనవసరము లేదు. ఇట్టి తీరమున కోటలు నిలువవు, రేవులకు గోడలుండవు, మిగులునవి పెంకులే. మోటుపల్లియందును, దానికి దక్షిణముగా నెల్లూరుసీమలోని కోటపట్నమందును చీనాదేశపు పింగాణిపెంకులు దొరకినవి. పన్నెండు మొదలు పదునాలుగవ శతాబ్దివఱకు దక్షిణచీనానుండి బయలుదేఱిన ఓడలు ఈ తీరమునకు వచ్చుచుండినవనుటకు ఆ పెంకులు నిదర్శనములు. వర్తకుడు కవి కాడు. రాజప్రశస్తిని చదివి మురిసిపోయి ప్రాణమును పణము పెట్టడు. పూర్వము వచ్చినవాడు సరకుతో తిరిగిపోయెనని విన్నప్పుడే తాను వచ్చును. పగిలిన ప్రతి చీనాగిన్నె వెనుక రాజు మాటను పరీక్షించి నమ్మిన ఒక మనుష్యుడున్నాడు. శాసనము వేసిన అర్ధశతాబ్దమునకు మార్కోపోలో ఈ దేశమును ముట్ఫిలి యను పేర వర్ణించి, ఇచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను పొగడెను. రేవు అప్పటికిని బ్రతికియున్నదన్నమాట.

ఈ రాకపోకలకు ఆవలిగట్టునందును సాక్ష్య మున్నది. చీనాదేశమునందలి చ్వాన్‌జౌ రేవున హిందూదేవాలయ శిల్పములు లభించినవి. 1281లో అచ్చట శివప్రతిష్ఠ జరిగినట్లు తెలుపు తమిళశాసనము చీనాచక్రవర్తి క్షేమమును కోరుచున్నది. పరదేశమున కాలుమోపిన దక్షిణాత్యవర్తకుడు తన దేవుని నిలుపుకొని, ఆ దేవుని ముందు, తన్ను బ్రతుకనిచ్చిన పరప్రభువు సుఖముగా ఉండవలెనని మొక్కుకొనెను. ఒక తీరమున దొరకిన అభయమునకు మఱియొక తీరమున పుట్టిన ప్రార్థన ప్రతిధ్వని. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివిననే గాని మధ్యయుగపు హిందూమహాసముద్రము మన కర్థము కాదు.

గణపతిదేవుని తర్వాత నూటపదిసంవత్సరములు దాటగా, కొండవీటి అనపోతారెడ్డి శకము 1280లో, అనగా 1358లో, అదే మోటుపల్లియందు మఱియొక శాసనము వేయించెను. మధ్యకాలమున ఓరుగల్లు కూలినది, దేశము అల్లకల్లోలమైనది, రేవు మరల నిలువవలసియుండెను. ఆ శాసనము వచ్చి స్థిరపడు వర్తకులకు భూములిత్తుమనియు, పోదలచినప్పుడు అడ్డగింపమనియు, సరకును తమ కిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు చెప్పి, అపుత్రికదండమును కూడ మానివేసినది. మగసంతానము లేక చనిపోయినవాని ఆస్తిని రాజు స్వాధీనపఱచుకొను ఆచారమది. పరదేశమున చచ్చినవానికి కొడుకు ఉండియు దగ్గఱ లేకపోవచ్చును. బంధువులు సముద్రమున కావల ఉండవచ్చును. గణపతిదేవుడు బ్రతికి ఒడ్డున పడినవానిని తలచెను. అనపోతారెడ్డి ఒడ్డుననే ప్రాణము విడిచినవానిని తలచెను. ఈ రెండవ తలపు మొదటిదానికంటె సున్నితమైనది. పరాయిదేశమున కాపురమున్నవారికి దాని బరువు ఇంకను బాగుగా తెలియును.

నేను వ్రాయుచున్నది న్యూజెర్సీరాష్ట్రమునందలి ఎడిసన్ పట్టణమునుండి. 1954వఱకు దీనిపేరు రారిటన్ టౌన్‌షిప్. విద్యుద్దీపమును మెన్లోపార్కున వెలిగించిన శాస్త్రజ్ఞుని గౌరవార్థము పేరు మార్చిరి. 2010 జనాభాలెక్కలనాటికే ఇచ్చట భారతసంతతివారు నాల్గవవంతునకు మించియుండిరి. ఓక్ ట్రీ రోడ్డున ఆవకాయయు, కంచిపట్టును, పంచాంగమును దొరకును. పట్టణమునకు అంచుగా పాఱు రారిటన్‌నదిమీద కొలదిదూరము ఎగువకు పోయినచో, పిస్కాటవేలో, పదునెనిమిదవ శతాబ్దపు రేవొకటి భూగర్భమున ఉన్నది. రారిటన్ లాండింగ్ అను ఆ గ్రామమునుండి గోధుమపిండియు ధాన్యమును ఓడలమీద పోవుచుండినవి. 1776 డిసెంబరునుండి 1777 జూన్‌వఱకు ఆంగ్లసేన ఆక్రమించి పాడుచేసినది. పందొమ్మిదవ శతాబ్దిలో రేవు క్రమముగా అణగారినది. రోడ్డుపనులకై త్రవ్వినప్పుడు పునాదులును, పగిలిన పాత్రలును వెలికివచ్చినవి. 1741లో కట్టిన కోర్నీలియస్ లో గారి రాతియిల్లు గట్టుమీద ఇంకను నిలిచియున్నది. మోటుపల్లిలో నైనను ఇచ్చట నైనను మట్టి చెప్పుకథ ఒకటే: వచ్చినవారెవరో, తెచ్చినదేమో, విఱిగినదేమో.

అయితే ఈ నేలమీద అభయము ఎల్లప్పుడును ఇప్పటివలె లేదు. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పుచెప్పినది. అదివఱకే పౌరులైనవారి పౌరసత్వమును సైతము లాగుకొనిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణము పెట్టుకొని బ్రతికిన వైష్ణోదాస్ బగాయ్ ఆ విధముగా పౌరసత్వమును, ఆస్తిని కోల్పోయి 1928లో ఆత్మహత్య చేసికొనెను. ఒడ్డున పడినవాని సొమ్ము ఒడ్డువానిదను పాతధర్మము చట్టపు భాషలో మరల పలికినదని తప్ప దీని నేమనవలెను? ఇంచుమించు ఆ దినములలోనే మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టనునకు వచ్చెను. ఆయన ప్రయాణమునకు తోడ్పడినవానిలో కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి ఒకటి. సత్యలింగనాయకరు రంగూనురేవున ఓడల సరకుపనిచేత ధన మార్జించినవాడు. సముద్రము దాటి ఒకడు కూడబెట్టిన సొమ్ము మఱియొకడు సముద్రము దాటుటకు తెరచాప అయినది. సుబ్బారావు లోకమునకు మహోపకారము చేసిన ఔషధములపై పనిచేసి, అమెరికా పౌరుడు కాకయే 1948లో న్యూయార్కున కన్నుమూసెను. 1946 చట్టము ఏడాదికి నూఱుమంది భారతీయులకు తలుపు తెఱచినది. 1965 చట్టము నేటి మనరాకకు దారి యిచ్చినది.

ఇంతవఱకు నేను ఒడ్డువాని ధర్మమునే చెప్పితిని. న్యాయముగా ఆలోచించువారు ఇచ్చట ఒక ఆక్షేపణ తేవలెను. తేకపోయినచో నేనే తేవలసియున్నది. 1605లో ఓలందావారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నమున వర్తకశాలలు పెట్టిరి. 1632లో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు బంగారు ఫర్మానా ఇచ్చి, ఏటా 500 పగోడాలు చెల్లించి తన రేవులలో నిరాటంకముగా వర్తకము చేసికొనుడనెను. అదియు అభయమే. అభయము పొందినవారు నూఱ్ఱేండ్లు దాటి కొంతకాలమునకు ఆ తీరమునే స్వాధీనము చేసికొనిరి. ఈ రారిటన్‌తీరమునను అదే కథ: లెనాపేజాతివారు ఒడ్డున నిలిచి ఓడలవారిని రానిచ్చిరి, వచ్చినవారి సంతతి 1758లో మిగిలినవారికి బ్రదర్‌టన్‌అను చిన్న ఆవరణము చూపి, 1801లో దానినికూడ అమ్మించి పంపివేసిరి. నది పేరుమాత్రము వారిది. అట్లయినచో గణపతిదేవుడు పొరపడెనా? ఒడ్డున పడినవానిని ఆదరించుట ఒడ్డువాని వినాశమునకు హేతువగునా?

నా సమాధాన మిది. అభయము ఏకముఖమైన దానము కాదు. మోటుపల్లిశాసనమున దయ యెంత స్పష్టముగా ఉన్నదో, నియతసుంకమును అంత స్పష్టముగా ఉన్నది. వచ్చినవాడు ఈ దేశపు ధర్మమునకు లోబడి ముప్పదింట ఒకవంతు చెల్లించి మెలగవలెను. యతి సర్వభూతములకు అభయ మిచ్చునప్పుడు, ఆ యతికి భిక్షపెట్టిన గృహస్థుని ఇంటిని యతి ఆక్రమింపడను నమ్మకము అందు ఇమిడియున్నది. అభయము పొందినవానికి మొదటి ఋణము అభయము నిచ్చుటయే. ఓలందావారును ఆంగ్లేయులును ఆ ఋణమును తీర్చక ఎగవేసిరి. తప్పు ఎగవేసినవానిది గాని ఇచ్చినవానిది కాదు. మోసపోవుదుమేమో యను శంకతో తడిబట్టలవానిని త్రోసివేసినచో, మోసగాండ్రు రాకమునుపే మన ధర్మము పోయినట్లే.

ఈ విచారమునకు ఎడిసన్ తెలుగువారితో సంబంధ మేమని అడుగుదురేమో. మన అర్చకులు ఇచ్చటి ఆలయములలో సంకల్పము చెప్పునప్పుడు జంబూద్వీపమునకు మాఱుగా క్రౌంచద్వీపమును పేర్కొందురు. దేవతలకు మన చిరునామా మాఱినదని తెలిపితిమి. మన ధర్మము మాఱినదని మనకు మనము ఇంకను తెలుపుకొనలేదు. మనము ధనార్జనకు సముద్రము దాటినవారమే. గణపతిదేవుడు కనికరించిన వర్తకులకంటె గొప్ప ఉద్దేశముతో వచ్చితిమని చెప్పుకొనుటకు నాకు నోరు రాదు, అందు సిగ్గుపడవలసినదియు లేదు. కాని కాపురములు నిలిచి, ఇండ్లు కట్టుకొని, గుళ్లు కట్టుకొన్నపిమ్మట మనము ఒడ్డువారమైతిమి. నేడు అలలకు కొట్టుకొనివచ్చువారు వేఱుగా ఉన్నారు. ఉద్యోగము పోయిన హెచ్-1బి వీసాదారుడైన యువకునికి ప్రభుత్వ మిచ్చు గడువు 60 దినములకు మించదు. ఆ 60 దినములలో అతనికి అద్దెకు, అన్నమునకు, సలహాకు తోడ్పడువారెవరు, అతని కష్టమును చూచి సగముజీతమునకు పనిచేయించుకొనువారెవరు? చదువుకై వచ్చి డబ్బు చేతిలో లేక నేలమాళిగలో నలుగురితో పండుకొను విద్యార్థివద్ద హెచ్చు అద్దె గుంజువారు మనవారు కారా? దారిలో ప్రమాదమున మరణించినవాని దేహమును తెనాలికో, ఖమ్మమునకో పంపుటకు తానావంటి తెలుగు సంఘములును, ఊరుపేరు తెలియని దాతలును ముందుకు వచ్చుట నే నెఱుగుదును. అనపోతారెడ్డి ధర్మము ఇచ్చట చావలేదని అప్పుడు నాకు సంతోషము కలుగును. బ్రతికియున్నవానికి గణపతిదేవుని ధర్మమును కూడ అట్లే చెల్లింపవలసియున్నది.

గుళ్లను నడుపు పెద్దలకు నాదొక విన్నపము. దాతల పేర్లు చెక్కిన గోడలు మనకు చాలినన్ని ఉన్నవి. ఇకమీద ప్రతి ఆలయమునందును, క్రొత్తగా వచ్చి చిక్కుపడినవాడు కులము గోత్రము చెప్పనక్కఱలేక, ఏ వీసామీద ఉన్నాడో చెప్పనక్కఱలేక, వచ్చి అడుగదగిన ఒక గదియు, ఒక మనుష్యుడును ఉండునట్లు ఏర్పాటు చేయుడు. దాని వ్యయమును ఉత్సవములకు వచ్చు ఆదాయమునుండి ముప్పదింట ఒకవంతుగా తీసిపెట్టుడు. సెలవులకు స్వదేశమునకు పోవు పాఠకులారా, చీరాలమీదుగా ప్రయాణము చేయునప్పుడు మోటుపల్లికి పోయి వీరభద్రాలయమునందలి ఆ స్తంభమును చూడుడు, పిల్లలకు చూపుడు.